కడగని నీళ్లు

నిలువూరు, పదకొండో అంతస్తు, కాఫీ చెట్లు పెంచే అర, దినచర్య

నమోదు 6,902

చెట్లు నలభై ఒకటి. అన్నీ బాగున్నాయి. పన్నెండో చెట్టుకు రెండు పూలు. దీపాలు సరిగ్గా వెలుగుతున్నాయి, తేమ సరిపోయింది.

ఇక్కడ రాయవలసింది ఇంతే. పంతొమ్మిదేళ్లుగా ఇంతే రాస్తున్నాను. ఈరోజు ఒళ్లు మండిపోయి ఇంకా రాస్తున్నాను. ఈ పుస్తకం నెలనెలా కమిటీ పెద్ద ఓబులమ్మవ్వ సంతకానికి వెళ్తుందని తెలుసు. చదవనీ.

పొద్దున మా వంటగదిలో మడమలు మునిగేంత నీరు. నీటిబొట్టు వృథా చేస్తే నోటీసు అంటించే అంతస్తులో నేను వంటగదిలో ఈత కొడుతున్నాను. దీనికి కారణం యంత్రం. యంత్రం అలా చేయడానికి కారణం మన నీళ్లు.

ఇది ఎస్ప్రెస్సో యంత్రం. ఎప్పటిదో, ఎవరింట్లోదో తెలియదు. పాత ఊళ్ల ఇనుప సామాను కుప్పలో దొరికితే రెండేళ్లు కూర్చుని బాగుచేశాను. వేడి నీటిని ఒత్తిడితో పొడిలోంచి తోస్తుంది. ఏడాదికి మా అర ఇచ్చేది ఆరు కిలోల గింజలు. పొడిని ఇంత పొదుపుగా, ఇంత గట్టిగా పిండే సాధనం ఇంకోటి లేదు. దాని బాయిలరులో ఒక సూది ఉంటుంది. నీళ్లు సూదిని తాకితే సన్నగా కరెంటు పారి, పచ్చదీపం వెలిగి, నీళ్లు తోడటం ఆగుతుంది. కరెంటు పారాలంటే నీళ్లలో రవ్వంత ఉప్పో సున్నమో ఏదో ఒకటి ఉండాలి. మన నీళ్లలో ఏముంది? ఏమీ లేదు. సూది నీళ్లలో పీకల దాకా మునిగి కూడా నీళ్లు లేవు మొర్రో అంటుంది. యంత్రం ఇంకా తోడుతుంది. బాయిలరు నిండి, పైకి పొంగి, నా వంటగదిలోకి దిగుతుంది.

సూదిని ఎలాగోలా మోసం చేయవచ్చు, చేశాను కూడా. అప్పుడు కాఫీ వస్తుంది. కానీ ఆ కాఫీలో పులుపు తప్ప ప్రాణం లేదు. కిందటేడు అంతస్తు విందులో ఇవే నీళ్లతో మరిగించి పోస్తే, తడిసిన గోనెసంచి పిండినట్టుందన్నారు. తప్పు గింజది కాదు మహాప్రభో, నీళ్లది అని మొత్తుకున్నాను. నీళ్లలో తప్పెలా ఉంటుంది, అవి కడిగినవి కదా అన్నారు.

ఆ విందు పుణ్యమే ఇప్పుడు కమిటీ పంపిన ఈ నోటీసు. ఇంకా ఇరవై రెండు రోజులకు కమిటీ వాళ్లు ఐదుగురు మా ఇంటికొచ్చి తలా ఒక కప్పు తాగుతారు. తాగదగ్గదే అని ముగ్గురంటే చెట్లు ఉంటాయి. లేకపోతే నలభై ఒక్క చెట్లూ పీకి ఆ అరలో అలసందలు వేస్తారు. అలసందల మీద నాకు కోపం లేదు. కానీ వాటికోసం ఇంకో అర చూసుకోవచ్చు కదా.

నమోదు 6,904

చెట్లు బాగున్నాయి. పూలు నాలుగు.

నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. అయినా రాస్తాను. రాసి చదువుకుంటే మనమెంత వింత మనుషులమో మనకే కనిపిస్తుంది. ప్రతి ఇంట్లో కొళాయికి కడుగుడు పెట్టె, దాని మీద నీళ్లలో ఎంత కలిసుందో చూపే ముల్లు, తీసి ఏ నీళ్లలోనైనా ముంచి చూడొచ్చు. ముల్లు సున్నా దగ్గరుంటే ఆ ఇల్లాలు తలెత్తుకుని తిరుగుతుంది. రెండు చూపించిందంటే తలుపు వేసుకుంటుంది. చుట్టాలు చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిస్తారు. మనం వాటిని వాళ్ల ఎదుటే ఇంకోసారి కడిగి, వాళ్లకే తాగడానికి ఇవ్వాలి. అప్పటికే సున్నా అయిన నీళ్లను! కడక్కుండా ఇస్తే మొహాన తలుపు వేసినట్టే. పెట్టె వేరుచేసిన కడుగు ఇంకో గొట్టంలోంచి కింది బకెట్టులోకి పోతుంది. అది పాయిఖానాకి తప్ప దేనికీ వాడం. ఆ బకెట్టు పేరు కూడా భోజనం దగ్గర ఎత్తం.

యంత్రంతో వచ్చిన రేకు మీద చెరిగిపోగా మిగిలిన బొమ్మ ఒకటుంది. నీటిబొట్టు, పక్కన 90. అంటే ముల్లు తొంభై దగ్గర ఉండాలన్నమాట. తొంభై! మా ఆవిడ వెంగమ్మకు చూపిస్తే చెవులు మూసుకుంది.

నమోదు 6,905

చెట్లు బాగున్నాయి.

దొరికింది! చెట్లకు వేసే మెగ్నీషియం ఉప్పు, వంటలో వేసే తినే సోడా. రెండూ కొద్దికొద్దిగా కలిపి ఒక క్యాను తయారుచేశాను. ముల్లు తొంభై ఒకటి. యంత్రంలో పోశాను. సూది నీళ్లను చూసింది. పచ్చదీపం వెలిగింది. యంత్రం తోడటం తనంతట తానే ఆపింది. రెండేళ్లలో అది నా మాట వినడం ఇదే మొదటిసారి.

కాఫీ సన్నటి ధారగా, పైన తేనె రంగు నురగతో వచ్చింది. తాగాను. నేను పెంచిన చెట్లలో నిమ్మతొక్క వాసన ఉంది, వెనక బెల్లం ఉంది, ఆఖరున నాలుక మీద కాసేపు ఉండిపోయే చేదు ఉంది. పంతొమ్మిదేళ్లు నీళ్లు పోసి, ఆకులు తుడిచి, పురుగులు ఏరి, వాటి రుచి నాకే తెలియదు. సంతోషం వేసింది, ఏడుపూ వచ్చింది.

వెంగమ్మ కూడా రెండు గుక్కలు తాగింది. "బాగుండాది గానీ, ఇందులో ఏం కలిపావో చెప్పబాక. తెలిస్తే దిగదు," అంది.

నమోదు 6,906

చెట్ల సంగతి తర్వాత.

పొద్దున రెండో కప్పు తీద్దామని పోస్తే దీపం వెలగలేదు. యంత్రం పొంగింది. క్యానులో ముల్లు పెట్టి చూస్తే సున్నా.

"ఇదేంది, ఈ నీళ్లకేమైంది?" అని అడిగాను.

"ఆ క్యానులో నీళ్లు మబ్బుగా ఉంటే కడిగి పెట్టా," అంది వెంగమ్మ.

"కడిగావా?"

"మురికి నీళ్లు ఇంట్లో ఎట్టా పెట్టుకుంటామయ్యా? ఎవురన్నా చూస్తే?"

ఇరవై లీటర్లు. నాలుగు గ్రాముల ఉప్పు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆమె మీద అరిచాను. ఆమె మూతి ముడుచుకుని, నేను తాగబోయే మంచినీళ్ల గ్లాసు కూడా లాక్కుని ఇంకోసారి కడిగి ఇచ్చింది. కోపంలో కూడా మర్యాద తప్పరు మనవాళ్లు.

నమోదు 6,909

చెట్లు బాగున్నాయి. పన్నెండో చెట్టు పూలు రాలి పిందెలు కట్టాయి.

రెండో క్యాను కలిపి, ఈసారి మూత మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించాను: ఈ నీళ్లు ముట్టుకోవద్దు. మధ్యాహ్నం అర నుంచి వచ్చేసరికి మా బావమరిది యలమంద వంటగదిలో చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. అతను ఈ అంతస్తుకంతటికీ కడుగుడు పెట్టెల మెకానిక్కు. చీటీ చూశాడు. పక్కనే ఉన్న ముల్లు ముంచాడు. తొంభై చూసి గుండె జారిపోయింది పాపం. పెట్టె చెడిందనుకుని, విప్పి, లోపలి వడపోత గుడ్డ మార్చి, ఆ ఇరవై లీటర్లూ ఒకసారి కాదు, మూడుసార్లు కడిగాడు.

"భయపడబాక బావా, ఎవురికీ చెప్పన్లే," అన్నాడు నా భుజం మీద చెయ్యేసి. "మీ నీళ్లు తొంభైకి పొయ్యాయని నా నోటి నుంచి పొక్కదు. మా అక్క మర్యాద నా మర్యాద గదా."

ఏమనాలి? తిట్టడానికి నోరు తెరిచాను. అతని మొహంలో అంత ప్రేమ ఉంటే ఎలా తిడతాం? అన్నం పెట్టి పంపించాను.

నమోదు 6,912

చెట్లు బాగున్నాయి. అదే నా ఖర్మ.

ఉప్పు కోసం కింద ఎరువుల గదికి వెళ్లాను. అక్కడి మనిషి కళ్లద్దాలు సవరించుకుని, ఏ చెట్టు ఆకులు పసుపెక్కాయో తెచ్చి చూపించమన్నాడు. మెగ్నీషియం చాలకపోతే ముదురాకులు ఈనెకూ ఈనెకూ మధ్య పసుపెక్కుతాయి. చూపిస్తేనే ఇస్తాడు. నలభై ఒక్క చెట్లలో ఒక్క పసుపాకు లేదు. పంతొమ్మిదేళ్లు శ్రద్ధగా పెంచిన పాపానికి అనుభవించాల్సిందే. చివరికి బతిమాలితే రెండు గ్రాములిచ్చి, నా ఆకులు నా కంటే అబద్ధాలు తక్కువ చెప్తాయన్నాడు.

నమోదు 6,914

చెట్లు చూసి వచ్చాను. ఈ తప్పు నాది, ఎవరినీ అనడానికి లేదు.

ఉప్పు రెండు గ్రాములే ఉందని ఒక గ్రాము దాచి, మిగతా గ్రాములో సోడాతో పాటు ముగ్గు కోసం పెట్టుకున్న సున్నంలోంచి చెంచాడు కలిపి తేర్చాను. ముల్లు నాలుగు వందలు దాటింది. తొంభైకే అంత రుచి అయితే నాలుగు వందలకు ఎంతో అనుకున్న నా బుద్ధికి చెప్పుతో కొట్టాలి. కాఫీ సుద్దముక్క నాకినట్టు ఉంది. అంతటితో పోయిందా? రెండో కప్పుకే నీళ్లు సన్నగిల్లాయి. విప్పి చూస్తే బాయిలరు లోపల తెల్లటి పెచ్చు. గొట్టం నోరు సగం పూడింది. రోజంతా నిమ్మరసం పోసి నానబెట్టి, పుల్లతో గీకాను. వేళ్లు పగిలాయి.

మరీ ఏమీ లేని నీళ్లకు యంత్రం గుడ్డిది. మరీ ఎక్కువున్న నీళ్లకు దాని నరాలు పూడిపోతాయి. కాస్త ఉండాలి, కాస్తే ఉండాలి. ఇంత చిన్న మాట ఈ అంతస్తులో ఒక్కరికీ ఎక్కదు.

నమోదు 6,917

చెట్లు బాగున్నాయి.

ఓబులమ్మవ్వ వచ్చింది. తాగే రోజు ఏర్పాట్లు చూడటానికట. చెంబు తెచ్చి ఇచ్చింది. వెంగమ్మ ఎదురుగా కడిగి ఇచ్చింది. అవ్వ తాగి, ముల్లు వైపు చూసి, తల ఊపింది.

ఆమె వయసు ఎనభై దాటింది. నడుము వంగిపోయి, మెడ పక్కకు తిరగదు. చేతివేళ్లు మడతపడి ఉండిపోయాయి, చెంబును రెండు మణికట్ల మధ్య పట్టుకుంటుంది. పాత మెట్ట ఊళ్లలో బోరు నీళ్లు తాగి బతికినవాళ్లలో మన అంతస్తులో మిగిలింది ఆమె ఒక్కతే. మొదటి కడుగుడు పెట్టెను ఆమే నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, అందరిచేతా నీళ్లు కడిగించిందని చెప్తారు.

మాట మధ్యలో మెల్లగా కదిపాను. "అవ్వా, నీళ్లలో కాస్త మంచిది ఏదన్నా ఉంటే తప్పా?" అన్నాను.

"మంచిదా?" అంది.

"అంటే, చెట్లకేసే ఉప్పులాంటిది. రవ్వంత."

ఆమె చెయ్యి చాపింది. ఆ వేళ్లను నా కళ్ల ముందు పెట్టింది. "ఇది కూడా రవ్వంతేనయ్యా. రోజూ రవ్వంత. కంటికి ఆన్లా, నాలికకు తెలీలా. మా తమ్ముడు పన్నెండేళ్లకే మంచాన పడ్డాడు. మా అమ్మ వాడికి కూడా ఆ నీళ్లే పట్టింది, జొరం తగ్గద్దని."

నా దగ్గర కింది పెద్ద వడపోత వాళ్లిచ్చిన కాగితం ఉంది. ముప్పై ఏళ్ల నుంచీ ఆ వడపోతలోనే, బోరు నీళ్లలో ఉండి ఎముకలు వంచిన ఫ్లోరిన్ అంతా తీసేస్తున్నారు, ఆ తర్వాత ఇనుప గొట్టాలు తినకుండా రవ్వంత సున్నం కలిపి పైకి పంపుతున్నారు, మన పెట్టెలు తీసేది ఆ సున్నాన్నే. అదంతా అందులో ఉంది. తీసి ఇచ్చాను.

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "చదివా కొండయ్యా. నీ కంటే ముందే చదివా. కాగితాన్ని కన్ను నమ్మద్ది గానీ, గొంతు నమ్మొద్దూ?" అంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నాకు కోపం తెప్పించని మనిషి ఈ అంతస్తులో ఆమె ఒక్కతే. అందుకే ఆమె ముందు నా నోరు పెగలదు.

నమోదు 6,923

చెట్లు బాగున్నాయి. పిందెలు మిరియపు గింజంత.

రేపే. దాచిన ఒక్క గ్రాముతో ఆఖరి క్యాను కలిపాను. ఐదు లీటర్లు. ముల్లు తొంభై. దాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టి, ముందు రెండు బస్తాలు అడ్డం పెట్టాను. వెంగమ్మ చేత ముట్టనని ఒట్టు వేయించుకున్నాను. యలమందను రేపు ముప్పయ్యో అంతస్తులో పని ఉందని పంపించేశాను. ఇంక ఎవరు కడుగుతారో చూస్తాను.

నమోదు 6,924

చెట్ల గురించి రాయడానికి చెయ్యి ఆడటం లేదు. జరిగింది రాస్తాను.

ఐదుగురూ వచ్చారు. ఓబులమ్మవ్వ మధ్యలో కూర్చుంది. నేను క్యాను తీసి, మూత విప్పి, యంత్రంలో పొయ్యబోయాను. మంచి ముహూర్తం చూసుకుని పిల్లి అడ్డొచ్చినట్టు, కమిటీలో అందరి కంటే చిన్నవాడు అడ్డుపడ్డాడు.

"అదేంది కొండయ్య మావా? ఇంటికొచ్చినోళ్లకి ఎదురుగా కడక్కుండానే పోస్తారా?"

అందరూ నా వైపు చూశారు. వెంగమ్మ తలదించుకుంది. కడిగే ఉన్నాయి అనలేను, ముల్లు ముంచితే తొంభై. వద్దు అనలేను, మొహాన తలుపు వేసినట్టు. ఇరవై రెండు రోజులు అందరితో పోట్లాడి, దాచి, కాపలా కాసి, ఆఖరికి నా చేతులతో నేనే ఆ ఐదు లీటర్లనూ పెట్టెలో పోశాను. ముల్లు దిగింది. తొంభై, నలభై, ఏడు, సున్నా. వాళ్లంతా తృప్తిగా తలలు ఊపారు. నా ఉప్పంతా గొట్టంలోంచి కింది బకెట్టులోకి టపటపా పడుతుంటే ఆ చప్పుడు నాకొక్కడికే వినిపించింది.

సున్నా నీళ్లు యంత్రంలో పోశాను. దీపం వెలగలేదు. తోడుతోంది. ఇంకో నిమిషానికి పొంగుతుంది. వంటగది తడుస్తుంది, గోనెసంచి రుచి వస్తుంది, రేపు పొద్దునకు నా చెట్లు వేళ్లతో సహా నేల మీద ఉంటాయి. అప్పుడు నేను చేసిన పని ఇది. వాళ్లకు వీపు పెట్టి వంగి, గరిట తీసుకుని, బల్ల కింది బకెట్టులోంచి కడుగు ముంచాను. యంత్రం తొట్టిలో పోశాను. ఒక గరిట. సూది మౌనం. రెండో గరిట. దీపం పచ్చగా వెలిగింది. తోడటం ఆగింది.

బకెట్టు శుభ్రమైనదే. వెంగమ్మ రోజూ తోముతుంది. అందులో ఉన్నది నా ఉప్పూ, సోడా, గొట్టంలో వచ్చే సున్నం, అంతే. అయినా అది కడుగు. పాయిఖానాకి పోసేది.

కాఫీ వచ్చింది. మొదటిసారి కంటే బాగా వచ్చింది. చిన్నవాడు కప్పు అడుగున మిగిలిన నురగను వేలితో తీసి నాకాడు. ఓబులమ్మవ్వ కప్పును రెండు మణికట్ల మధ్య పట్టుకుని, చుక్క మిగలకుండా తాగి, ఇంకా ఉందా అని అడిగింది. పోశాను. అదీ తాగింది.

ఇద్దరు చెట్లు ఉండనీ అన్నారు. ఇద్దరు కాఫీ బాగుంది గానీ కడుపు నింపేది అలసందలే అన్నారు. ఆఖరి మాట అవ్వది. నెల పుస్తకం ఎల్లుండి సంతకానికి వస్తుంది కదా, దాంట్లోనే రాస్తానంది. వెళ్తూ వెళ్తూ, "ఇన్నేళ్లకు మంచి నీళ్లు ఎట్టుండాలో తెలిసింది కొండయ్యా. కడిగిన నీళ్ల మహత్యం," అని నా భుజం తట్టింది.

మీద కాగిన నూనె పోసినట్టయింది.

నమోదు 6,925

చెట్లు నలభై ఒకటి. ఒక్కొక్కదాన్నీ తుడిచి వచ్చాను.

పైన నిన్నటి నమోదు నిన్న రాసింది కాదు. ఈరోజు రాశాను. నిన్న 'చెట్లు బాగున్నాయి, అందరూ కాఫీ తాగారు' అని ఒక ముక్క రాసి ఆపాను. దాన్ని పొద్దున చింపేశాను.

వెంగమ్మ చెప్పి చూసింది. "రాయబాకయ్యా. ఆమెకు తెలిసే దారి లేదు. ఎవురికీ ఏమీ కాలా. చెట్లు ఉంటయ్యి. నీకు పిచ్చా?"

"పెద్దావిడకు కడుగు తాపానే," అన్నాను.

"ఆమె ఇంకా కావాలని అడిగి తాగింది గదా!"

"తెలీక అడిగింది."

"తెలిస్తే తాగేదా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాను. చాలామందిని చాలా తిట్టాను ఈ నెలలో, ఈ పుస్తకంలోనే. వాళ్లలో ఒక్కరూ నాకు చెప్పకుండా నా గ్లాసులో ఏమీ కలపలేదు. వాళ్లు చేసిందల్లా ఉన్నది తీసేయడమే, అదీ నా మేలు కోరి. ఆమె తన వేళ్లు తెచ్చి నా కళ్ల ముందు పెట్టింది. నేను వారం తిరిగేసరికి ఆమె కప్పులో రవ్వంత ఏదో పోశాను, కంటికి ఆనకుండా, నాలుకకు తెలియకుండా. అది మంచిదే కావచ్చు. వాళ్లమ్మ కూడా మంచిదనుకునే పట్టి ఉంటుంది.

అవ్వా, మీరు చదువుతున్నారు కాబట్టి నేరుగా రాస్తున్నాను. మీరు నిన్న తాగినవి కడిగిన నీళ్లు కావు. తొట్టిలో మిగిలిన వాటిలో ముల్లు ముంచి చూశాను, తొంభై నాలుగు. తొమ్మిది గరిటల సున్నా నీళ్లకు ఒక గరిట కడుగు. తప్పు నాది, చెట్లది కాదు. శిక్ష నాకు వెయ్యండి, చెట్లకు వెయ్యవద్దు. పెద్ద వడపోత కాగితం ఈ పేజీకి గుచ్చుతున్నాను. అది నమ్మమని కాదు, నేను పోసిందేమిటో మీకు తెలియాలని.

ఇంత రాశాక కూడా చెట్లు ఉండాలనే కోరుకుంటున్నాను. సిగ్గు లేదు నాకు.

నమోదు 6,928

పుస్తకం రెండు రోజులు నా దగ్గర లేదు, కాబట్టి రెండు నమోదులు లేవు. చెట్లు మాత్రం ఉన్నాయి. నలభై ఒకటి. రెండు రోజులూ అరలోనే కూర్చున్నాను. మనుషులు వస్తున్న చప్పుడైనప్పుడల్లా గునపం తెస్తున్నారేమోనని లేచాను. వెంగమ్మ అన్నం తెచ్చి పెట్టి, నాతో మాట్లాడకుండా వెళ్లింది.

ఈరోజు పదింటికి ఓబులమ్మవ్వ మా ఇంటికి వచ్చింది. ఒక్కతే. చంకలో పుస్తకం, మణికట్ల మధ్య చెంబు. చెంబును యంత్రం పక్కన పెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"రెండు రోజులు వాంతులైతయ్యని చూసుకుంటా కూర్చున్నా," అంది. "ఒక్క ముద్ద అన్నం దిగలా. కడుపులో ఏం లేదు, అంతా బుర్రలోనే. ఎనభై యేళ్ల దాన్ని, నన్ను చిన్నపిల్లని చేసి తాపావు గదయ్యా."

"తప్పయిపోయింది అవ్వా."

"అయింది. దాని గురించి నీతో నాకు కోపం పోలా. ఇప్పుడిప్పుడే పోదు కూడా." పుస్తకం బల్ల మీద తెరిచి కలం అడిగింది. వెంగమ్మ ఇచ్చింది. అవ్వ కలాన్ని పిడికిట్లో దూర్చుకుని, 6,925 కింద, ఒక్కో అక్షరానికీ ఆగుతూ రాసింది. పైనున్న ఆ వంకర అక్షరాలు ఆమెవే: 'చదివాను. చెట్లు ఉండనీ. చెప్పకుండా పోసినందుకు కొండయ్య నెల రోజులు అంతస్తులో ప్రతి ఇంటి కడుగు బకెట్టూ మోసి తోమాలి.' కింద సంతకం.

వెంగమ్మ ఏడ్చేసింది. నేను వంగి దండం పెట్టబోతే అవ్వ వద్దంది.

"ముందు ఇది విను. నిన్న యలమందను పిలిపించా. మా పెట్టె కింద గొట్టం ఊడదీయించి కడుగు పట్టించా. వాడు ఏడ్చినంత పని చేశాడు. తొమ్మిది గరిటెలకి ఒక గరిటె. నువ్వు రాసినట్టే నా చేత్తో నేను కలుపుకున్నా. ముల్లు ముంచుకుని చూసుకున్నా." చెంబును నా వైపు జరిపింది. "మొన్న తెలీకుండా తాగా. ఇప్పుడు తెలిసి తాగతా. నచ్చకపోతే నచ్చలేదని చెప్తా. పెట్టు."

చెంబు అందుకున్నాను. పొడి అప్పటికే నూరి ఉంది. గింజల వాసన గది నిండా ఉంది. ఇరవై ఆరు రోజులుగా కడగవద్దు కడగవద్దని ఊరందరి మీదా అరిచినవాణ్ణి. పెద్దావిడ చేతి చెంబు నా చేతిలోకి వచ్చేసరికి నా చెయ్యి దానంతట అదే కడుగుడు పెట్టె వైపు తిరిగింది. మూత కూడా ఎత్తాను.

తెరుచుకోని ఆ వేళ్లు వచ్చి నా మణికట్టు మీద పడ్డాయి.

"కడగబాక," అంది.